ఒక నట్టు నేర్పిన లెక్క

మన సమాజంలోని ఇళ్ళలో ఏదో ఒక మోటారు బండి లేని ఇల్లు ఇప్పుడు తక్కువ. బండి కొనేటప్పుడు రంగు చూస్తాము, సీట్లు చూస్తాము, లీటరుకు ఎన్ని కిలోమీటర్లని అడుగుతాము, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెస్తాము. కాని బండి కింద ఏమున్నదో వంగి చూచేవారు అరుదు. మొన్నమొన్నటి వరకు నేనూ అటువంటివాడినే. మెట్రిక్ ప్యాసై, ఇరవై యేళ్ళకు పైగా ఈ బరంపురంలో ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాను. ఆఫీసులో ఒడియా, ఇంట్లో తెలుగు. మెకానిక్కు పనికీ నాకూ ఏ సంబంధమూ లేదు. అటువంటి నేను నట్టును గూర్చి వ్రాయటానికి కారణం, 2022 డిసెంబరులో నేను అన్న ఒక్క మాట మా అక్క ఇంటికి పద్నాలుగు వేల రూపాయల నష్టం తెచ్చిపెట్టింది. ఇంకొంచెం ఉంటే ప్రాణాల మీదికే వచ్చేది.

మా బావగారు 2020లో కాలం చేశారు. అక్క కొడుకు, అంటే నా మేనల్లుడు, కాలేజీ చదువు మధ్యలో ఆపి, ఎవరో వాడి అమ్మిన టాక్సీ జీపు ఒకటి కొన్నాడు. బరంపురం నుంచి దిగపహండి, తప్తపాణి ఘాటీ మీదుగా మోహనా దాకా ప్రయాణీకులను ఎక్కించుకొని తోలుతాడు. ముందుగా కట్టవలసిన డబ్బుకు అక్క చేతి గాజులు తాకట్టు పెట్టింది. బ్యాంకు అప్పు కాగితం మీద జామీను సంతకం నాది. కాబట్టి ఆ జీపు ఒకరోజు ఆగితే ఇద్దరి ఇళ్ళలో నిద్ర ఉండదు.

కాడి అనే పేరు

జరిగినది చెప్పబోయే ముందు ఆ భాగమేమిటో రెండు ముక్కల్లో చెప్పటం మంచిది.

జీపు వెనుక రెండు చక్రాల మధ్య గుమ్మడికాయంత ఇనుప పెట్టె ఒకటి కనిపిస్తుంది. దాన్నే డిఫరెన్షియల్ అంటారు. మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం, లోపలివైపు చక్రం తక్కువ దూరం పోవాలి. రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటే ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. ఆ తేడాను సర్దే పళ్ళ చక్రాల ఏర్పాటును ఫ్రాన్సు దేశస్థుడు ఒనెసిఫోర్ పెకర్ 1827లో కనిపెట్టాడు. అప్పటికి పెట్రోలు కార్లు లేవు, ఆవిరి బండ్ల కాలం.

ఇంజను బలం గేరుబాక్సు దాటి, ప్రొపెల్లర్ షాఫ్టు అనే పొడుగాటి గొట్టం ద్వారా వెనక్కి వస్తుంది. ఇనుప పెట్టెలోకి ప్రవేశించే చిన్న పళ్ళ చక్రం పినియను, దానితో తిరిగే పెద్దది క్రౌను చక్రం. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులో పినియనుకు 8 పళ్ళు, క్రౌనుకు 39. అనగా బండి చక్రం ఒకసారి తిరగటానికి షాఫ్టు దాదాపు 5 సార్లు తిరగాలి. బండి బరువు లాగే శక్తి అక్కడ పుడుతుంది.

షాఫ్టునూ పినియనునూ కలిపే రెండు కొమ్ముల ఉక్కు ముక్క పేరు యోకు. ఇంగ్లీషులో ఆ మాటకు ఎద్దుల మెడ మీది కాడి అని అర్థం. పేరు పెట్టినవాడెవరో గాని తెలిసి పెట్టాడు. యోకు లోపలి గాళ్ళు పినియను కాడ మీది గాళ్ళలో ఇమిడి కూర్చుంటాయి. అది జారిపోకుండా చివర ఒక పెద్ద నట్టు ఉంటుంది. అదే పినియను నట్టు. యోకు మెడ నున్నగా ఉంటుంది. ఆ నునుపు మీద ఆయిల్ సీలు రబ్బరు పెదవి ఆని, లోపలి నూనెను బయటికి రానీయదు.

చూచేవారికి ఆ నట్టు పని యోకును పట్టి ఉంచటమే అనిపిస్తుంది. అసలు పని వేరే ఉన్నది. పినియను కాడ రెండు బేరింగుల మీద తిరుగుతుంది. అవి శంకువులాగా ఒకవైపు సన్నబడిన రోలర్ల బేరింగులు. ఒకటి ముందు, ఒకటి వెనుక, ఎదురెదురుగా ఉంటాయి. నట్టు బిగించినకొద్దీ ఆ రెండు బేరింగులూ దగ్గరవుతాయి. వదులైతే పినియను ముందుకూ వెనక్కూ ఊగి పళ్ళు సరిగా కలవవు. ఎక్కువైతే రోలర్లు నలిగి కాగిపోతాయి. కొంచెం బిగువుగా, అయినా సులువుగా తిరిగేటట్లు ఉండాలి. ఆ బిగువుకు ఒక కొలత ఉన్నది. ఎద్దు మెడకు పలుపు కట్టే రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ఆఫీసు గుమాస్తాకే కొత్త.

నేను అన్న మాట

ఆ డిసెంబరులో జీపు నిలిపిన చోటల్లా నేల మీద నల్లని నూనె చుక్కలు పడసాగాయి. పినియను సీలు పోయిందని ఊరిలో ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్ళాము. దాని పేరు ఇక్కడ అనవసరం. సీలు ఖరీదు రెండువందల యాభై. పని గంటలో అయిపోతుందన్నారు. నేనూ ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి పోయి నిలబడ్డాను.

పని చేసిన కుర్రవాడు గాలితో నడిచే గన్ను పెట్టి నట్టు విప్పాడు. గుర్తు పెట్టలేదు, కొలవలేదు. కొత్త సీలు తట్టి, యోకు ఎక్కించి, మళ్ళీ గన్ను పెట్టి బిగించాడు. అప్పుడు నేను నోరు విప్పాను. “బాబూ, ఘాటీ ఎక్కే బండి, ఇంకాస్త గట్టిగా బిగించు” అన్నాను. అతడు నవ్వి, గన్ను మరోసారి నొక్కి పట్టాడు. అది గర్రుమంటుంటే నాకు ధైర్యంగా ఉన్నది. పని బాగా చేశాడని ఇరవై రూపాయలు చేతిలో పెట్టి మరీ వచ్చాను.

నాలుగవ రోజు సాయంత్రం తప్తపాణి దాటి ఎక్కుతుండగా వెనుకనుంచి సన్నని కూత మొదలైంది. వాడు యాక్సిలరేటరు వదిలితే కూత మారుతున్నది గాని పోవటం లేదు. పది నిమిషాలకు మాడిన నూనె వాసన. బుద్ధిమంతుడు కాబట్టి వెంటనే పక్కకు తీసి ఆపాడు. పెట్టె మీద నీళ్ళు చల్లితే చుయ్యిమన్నాయట. బండిలో తొమ్మిదిమంది. సంతనుంచి గంపలతో తిరిగిపోతున్న ఆడవాళ్ళు అందులో ఎక్కువమంది. చీకటి, చలి. రెండు బండ్లు బ్రతిమాలి వాళ్ళను ఎక్కించి పంపి, నాకు ఫోను చేశాడు.

ఆ బేరింగు పూర్తిగా పట్టివేస్తే ఏమవుతుందో నాకు తరువాత తెలిసింది. పినియను ఆగిపోతే వెనుక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. ఘాటీ మలుపులో అది జరిగితే ఊహించటమే కష్టం. దీనికి ఎదురు వైపు ప్రమాదమూ ఉన్నది. నట్టు వదులై ఊడిపోతే యోకు జారి షాఫ్టు రోడ్డు మీద పడుతుంది. అప్పుడు ఇంజను చక్రాలను పట్టి ఉంచే ఆధారం పోతుంది. పాత జీపులలో చేతిబ్రేకు చక్రాల దగ్గర కాక, షాఫ్టు మొదట్లో ఉన్న డ్రమ్ము మీద పనిచేస్తుంది. షాఫ్టు పడిపోతే వెనుక చక్రాలకు ఆ చేతిబ్రేకు కూడా ఉండదు.

నలిగిన గొట్టం

బండిని లాగించుకొని వచ్చి, ఈసారి ఒక వృద్ధ మెకానిక్కు దగ్గర పెట్టాము. ఒడియా ఆయన, అందరూ మౌసా అంటారు. ఆయన షాఫ్టు విప్పి, యోకును చేత్తో తిప్పబోతే అది కదలలేదు. మా వంక చూచి “ఎవరు బిగించారు?” అని ఒడియాలో అడిగాడు. మేనల్లుడు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

పెట్టె విప్పి భాగాలన్నీ వరుసగా పాత పేపరు మీద పరిచాడు. ముందు బేరింగు రోలర్లు కాగి నీలిరంగు తిరిగాయి. వెనుకదాని మీద గుంటలు. క్రౌను, పినియను పళ్ళు మాత్రం బాగున్నాయి. వాడు వెంటనే ఆపటం వల్ల దక్కాయని మౌసా అన్నాడు. తరువాత వేలెడు పొడుగు లేని ఒక పలుచని ఉక్కు గొట్టం తీసి, కొత్తదాని పక్కన నిలబెట్టాడు. పాతది పొట్టిగా అయి, నడుము ఉబ్బి ఉన్నది.

“ఇది రెండు బేరింగుల మధ్య ఉంటుంది బాబూ. నట్టు బిగిస్తే ఇది నలిగి బిగువు కుదురుతుంది. నలిగినది మళ్ళీ సాగదు. ఎక్కువ బిగించామని నట్టు వెనక్కి తిప్పితే అంతా వదులవుతుంది గాని, గొట్టం పొడుగవదు. కొత్తది వేయవలసిందే” అన్నాడు.

అప్పుడు నేను “గట్టిగా బిగించమన్నది నేనే” అని ఒప్పుకున్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. “అందరూ అదే అంటారు” అని కొత్త బేరింగు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అక్కతో ఆ మాట చెప్పటానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది. ఆమె వంటింట్లోనుంచే విని, కాసేపాగి, “ఇరవై రూపాయలు కూడా ఇచ్చావా తమ్ముడూ?” అన్నది.

ఈ ఏర్పాటులో రెండు రకాలున్నాయని చదువరులు గుర్తుంచుకోవాలి. కొన్ని బండ్లలో, ముఖ్యంగా పాత జీపులలో, నలిగే గొట్టం ఉండదు. కాగితం వంటి పలుచని ఉక్కు షిమ్ములు పేర్చి బిగువు ముందే నిర్ణయిస్తారు. అక్కడ నట్టును పుస్తకంలో చెప్పిన పూర్తి బలంతో బిగించవచ్చు. విప్పినప్పుడు షిమ్ము ఒక్కటైనా జారిపోకుండా చూచుకోవాలి. తరువాతి కాలపు బండ్లు చాలావాటిలో నలిగే గొట్టమే. అక్కడ నట్టుకు ఇంత బలమని గుడ్డిగా బిగించకూడదు, తిరిగే బిగువు కొలుచుకుంటూ పోవాలి. తన బండి ఏ రకమో తెలియకుండా నట్టు మీద పానా పెట్టటం, ఫైలు చదవకుండా సంతకం చేయటం వంటిది. మా బండి రెండవ రకం.

చేపల త్రాసు

తిరిగే బిగువు కొలవటానికి సన్న కొలతల టార్కు పానా దొరుకుతుంది. మౌసా దగ్గర అది లేదు. గోడకు వ్రేలాడుతున్న స్ప్రింగు త్రాసు తీశాడు. చేపలు తూచే కొక్కెం త్రాసు అది. యోకు చుట్టూ నాలుగు చుట్లు దారం చుట్టి, కొసను త్రాసు కొక్కేనికి తగిలించి మెల్లగా లాగాడు. యోకు నిలకడగా తిరుగుతున్నప్పుడు త్రాసు చూపిన బరువును, యోకు మధ్యనుంచి దారం దాకా ఉన్న దూరంతో గుణిస్తే బిగువు వస్తుంది. కదిలే క్షణంలో ముల్లు ఎగిరే అంకె లెక్కలోకి రాదు. గుణకారం నా వృత్తి గనుక ఆ పని నాకు అప్పగించారు.

మా యోకుకు ఆ దూరం 4 సెంటీమీటర్లు. కొత్త బేరింగులకు 6 కిలోలు చూపాలన్నాడు మౌసా. అనగా 24 కిలో-సెంటీమీటర్లు. ఇంగ్లీషు పుస్తకాల లెక్కలో సుమారు 21 అంగుళ-పౌన్లు. ఇది బండి బండికీ మారుతుంది, ఎవరి బండికి వారి పుస్తకమే ప్రమాణం. వాడిన బేరింగులకు ఇంతకంటే తక్కువ చాలు.

కొత్త గొట్టం వేశాక నట్టు మొదట ఎంతకూ కదలలేదు. యోకును పొడుగాటి కడ్డీతో పట్టి ఉంచి, నాలుగడుగుల పైపు తొడిగిన పానా మీద మేనల్లుడు ఒళ్ళంతా వేసి లాగాడు. గొట్టం నలగటం మొదలయ్యేదాకా అంతే. మొదలైన తరువాత మాత్రం వేలెడు దూరం తిప్పినా బిగువు గబగబ పెరుగుతుంది. “ధీరే, ధీరే” అంటూ మౌసా ప్రతిసారీ ఆపించి త్రాసు పెట్టాడు. నేను జేబు పుస్తకంలో వ్రాస్తూ పోయాను. ఒకటిన్నర, మూడు, నాలుగున్నర, అయిదు, అయిదున్నర. చివరిసారి తిప్పినది కంటికి కనపడనంత. ఆరు. “చాలు” అని పానా తీసి లోపల పెట్టించాడు. మళ్ళీ ముట్టుకోనివ్వలేదు.

గన్నుతో రెండు క్షణాల పని. ఆయనకు గంట పట్టింది.

మేనల్లుడు చేసిన పని

ఇంతటితో కథ ముగియలేదు. ఆనాడు మౌసా యోకు మెడ మీద గోటితో గీసి చూపాడు. పాత సీలు పెదవి ఒరిసి ఒరిసి అక్కడ సన్నని గాడి పడింది. యోకు కూడా మార్చమన్నాడు. మాకు అప్పుడు డబ్బు చాలలేదు, మెడను సన్న కాగితంతో నున్న చేసి వేశాము. 2024 మార్చిలో మళ్ళీ నూనె చుక్కలు. గాడి పడిన మెడ మీద ఎంత కొత్త సీలైనా నిలవదు. కొన్ని యోకులకు ఆ గాడి మీద పలుచని ఉక్కు తొడుగు తొడుగుతారు. మాకు కొత్త యోకే దొరికింది.

ఈసారి మేనల్లుడు తానే చేస్తానన్నాడు. మౌసా స్టూలు మీద కూర్చున్నాడు, నేను జేబు పుస్తకంతో నిలబడ్డాను. జరిగిన క్రమం ఇది.

మొదట పెట్టె మీద ఉన్న గాలి రంధ్రం చూశాడు. దాన్ని బ్రీదర్ అంటారు. అది మట్టితో మూసుకుపోతే, లోపలి గాలి వేడికి వ్యాకోచించి మంచి సీలులోనుంచి కూడా నూనెను తోస్తుంది. కొన్నిసార్లు జబ్బంతా అదే. మాది తెరిచే ఉన్నది.

ముందు చక్రాలకు రాళ్ళు పెట్టి, వెనుక భాగం ఎత్తి, ఇరుసు కింద గట్టి స్టాండ్లు పెట్టాడు. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరూ బండి కిందికి పోకూడదు. చేతిబ్రేకు వదిలి, చక్రాలు సులువుగా తిరుగుతున్నాయని చూశాడు. బ్రేకు కొంచెం పట్టినా లెక్క తప్పుతుంది. షాఫ్టుకూ యోకుకూ తెల్లరంగుతో గుర్తు పెట్టి షాఫ్టు విప్పాడు. క్రాసు టోపీలు ఊడి, అందులోని సూదుల వంటి రోలర్లు రాలిపోకుండా టేపు చుట్టాడు.

ఇప్పుడు విప్పకముందే త్రాసు పెట్టాడు. 5 కిలోలు. వ్రాశాను. నట్టు బయట ఎన్ని మరలు కనబడుతున్నవో లెక్కపెట్టాడు. వ్రాశాను. నట్టు మీద, పినియను కొస మీద ఎదురెదురుగా చుక్క కొట్టాడు. ఆ తరువాతనే పానా పెట్టాడు, ఎన్ని చుట్లకు ఊడివచ్చిందో లెక్కపెడుతూ విప్పాడు. యోకును పుల్లరుతో లాగాడు. సుత్తితో కొడితే ఆ దెబ్బ బేరింగుకు తగులుతుంది. పాత సీలు తీసి, చోటు తుడిచి, కొత్త సీలును నలువైపులా సమంగా తట్టి కూర్చోబెట్టి, పెదవికి నూనె రాశాడు. యోకు గాళ్ళలోనుంచి నూనె ఊరకుండా కాస్త సీలెంటు రాసి కొత్త యోకు ఎక్కించాడు. నట్టు కూడా కొత్తదే. ఒకసారి విప్పిన నట్టు పట్టు మునుపటిలా ఉండదు.

ఇక్కడ మౌసా ఒక హెచ్చరిక చేశాడు. యోకూ నట్టూ రెండూ కొత్తవి గనుక పాత చుక్కలు అచ్చంగా కలవాలని లేదు. మరల లెక్కా, చుక్కా మనను దగ్గరదాకా తెస్తాయి. చివరి మాట త్రాసుదే. కొత్త యోకు పాతదాని కొలతకే ఉండటం వల్ల మా పాత అంకెతో పోల్చటానికి వీలైంది. కొద్దికొద్దిగా బిగిస్తూ 5 దాటి 6 కిలోల దగ్గర ఆపాడు. కొత్త సీలు బిగువు, గొట్టం మళ్ళీ పట్టు చిక్కటానికి కావలసిన కొంచెం, అంతకుమించి లేదు. పెట్టెలో తగ్గిన నూనెను, దానికి చెప్పిన హైపాయిడ్ గేరు నూనెనే, నింపే రంధ్రం అంచుదాకా పోశాడు. ఈ పళ్ళు ఒకదానిమీద ఒకటి జారుతూ కలుస్తాయి గనుక మామూలు ఇంజను నూనె ఆగదు.

ఆనాడు ముప్ఫై కిలోమీటర్లు తోలి వచ్చి, పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాము. గోరువెచ్చగా ఉన్నది. చెయ్యి ఆనించలేనంత కాగితే తప్పున్నట్లు.

మనవాళ్ళకు ఒక మాట

బండి ఉన్నవారందరూ ఈ పని స్వయంగా చేసుకోవాలని నేను చెప్పటం లేదు. కాని గుర్తులు తెలుసుకోవాలి. వెనుక పెట్టె ముక్కు దగ్గర నూనె తడి, గేరు వేసి కదిలించగానే టక్కుమనే చప్పుడు, వేగంతోపాటు పెరిగే కూత. ఇవి కనబడితే ఇంకో ట్రిప్పు చూద్దామనుకోవద్దు. మెకానిక్కును మర్యాదగా మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఇందులో ఉన్నది షిమ్ములా, నలిగే గొట్టమా? విప్పకముందు బిగువు కొలిచారా? యోకు మెడ మీద గాడి ఉన్నదా? పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. విసుక్కునేవాడి దగ్గరనుంచి బండి తెచ్చుకోవటమే మేలు. నాలాగా పక్కన నిలబడి “ఇంకాస్త గట్టిగా” అని మాత్రం అనకండి.

2025 ఆగస్టులో బ్యాంకు చివరి కిస్తీ కట్టాము. అంతకు రెండు నెలల ముందే అక్క గాజులు ఇంటికి వచ్చాయి. జీపు ఇంకా మోహనా దారిలో తిరుగుతూనే ఉన్నది. దాని కాగితాల సంచిలో, ఇన్సూరెన్సు పత్రం వెనుక, నా చేతివ్రాతతో ఒక చీటీ ఉన్నది. తెలుగులోనూ ఒడియాలోనూ వ్రాశాను. “పినియను యోకు, నట్టు, సీలు మార్చినది మార్చి 2024. విప్పకముందు 5 కిలోలు, బిగించాక 6. దూరం 4 సెంటీమీటర్లు. లోపల నలిగే గొట్టం ఉన్నది, జాగ్రత్త.” ఇకమీదట ఆ నట్టు విప్పేవారెవరైనా ముందు ఆ చీటీ చదవాలని మా మేనల్లుడి ఆజ్ఞ.